మా పెద్దమ్మ సంచి ఎవరు విప్పారు?

హైదరాబాద్ శివార్లలో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) సంరక్షణ కేంద్రం నడుపుతున్న నిర్వాహకులకు,

నమస్కారం.

మా పెద్దమ్మ మీ దగ్గర చేరి 14 నెలలయింది. ఈ లేఖలో మీ కేంద్రం పేరు రాయడం లేదు. భయపడి కాదు. పేరు రాస్తే, ఇలాంటి కేంద్రాలు నడిపే మిగతావాళ్ళు ‘అమ్మయ్య, మా గురించి కాదు’ అనుకుని పక్కన పడేస్తారు. ఈ ఆరు నెలల్లో తల్లినో తండ్రినో వేరే కేంద్రాల్లో ఉంచిన ముగ్గురితో మాట్లాడాను. కథ అన్నిచోట్లా ఒకటే, పోయిన చీరల రంగులే వేరు.

మీకు ఇంతకుముందు రెండు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి ఫోను చేసి క్షమించమన్నారు. రెండోదానికి ‘మీ సూచన మాకెంతో విలువైనది’ అని మెసేజీ వచ్చింది. ఇది మూడోది. దీన్ని అందరూ చదవవచ్చు.

పెద్దమ్మ గురించి మీ రికార్డులో ‘వయసు 82, అవివాహిత, రిటైర్డు తపాలా ఉద్యోగి’ అని ఉంది. దానికి కొంచెం చేర్చాలి, ఎందుకంటే నా బాధంతా ఆ కొంచెంలోనే ఉంది. ఆవిడ కృష్ణా జిల్లాలో బస్సు దిగి ఇంకా నడవాల్సిన ఊళ్ళలో సబ్ పోస్టుమాస్టరుగా పనిచేసి 2003లో రిటైరయింది. చదువురానివాళ్ళకు ఉత్తరాలు చదివిపెట్టేది, జవాబులు రాసిపెట్టేది. ఏ ఇంటి అల్లుడు కువైట్ నుంచి డబ్బు పంపడం మానేశాడో, ఎవరి కూతురు ‘నన్ను తీసుకుపొండి నాన్నా’ అని రాసిందో ఊరందరికంటే ముందు ఆవిడకే తెలిసేది. ఒక్క ముక్క ఇంటికి వచ్చేది కాదు. మా అమ్మ ఎంత గుచ్చిగుచ్చి అడిగినా ‘అది నాకు రాసిన ఉత్తరం కాదే’ అనేది. పోస్టుకార్డును చిరునామా వైపే చూడాలి, రెండోవైపు తిప్పకూడదని నాకు ఏడేళ్ళ వయసులో నేర్పింది. తిప్పినందుకు వీపు మీద ఒకటి పడింది కూడా.

ఆ మనిషి దాచుకున్న ఉత్తరాలను మీ దగ్గర ఎవరో విప్పారు. విప్పి చదివారు. ఆ తరువాత చెత్తలో వేశారు.

ఆ సంచి మీకు తెలిసిందే. కోరా గుడ్డతో తానే కుట్టుకున్నది, మూతికి నాడా. తపాలా సంచి మూతి బిగించినట్టే నాడాను రెండు చుట్లు తిప్పి ముడివేసేది. లక్క సీలు ఒక్కటే తక్కువ. లోపల కళ్ళజోడు పెట్టె, ఏనాడో మూసేసిన ఖాతా పాస్‌బుక్, ఏ తాళానిదో తెలియని తాళంచెవి, నాలుగైదు నీలం ఇన్‌లాండ్ ఉత్తరాలు. ఆ ఉత్తరాలు ఎవరు రాశారో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. 40 ఏళ్ళుగా అందరం చూస్తూనే ఉన్నాం. ఎవరమూ అడగలేదు. చేర్చిన రోజున ‘ఇది మాత్రం ఎప్పుడూ ఆవిడ చేతికి అందేలా ఉంచండి’ అని మీ మేనేజరు గారికి చెప్పాను. ‘తప్పకుండా అమ్మా’ అన్నారు.

జూలైలో పురుగుల మందు కొట్టడానికి గదులన్నీ ఖాళీ చేయించారు. ఆ ఆదివారం నేను వచ్చేసరికి సంచి ఉతికి, తీగ మీద ఆరవేసి ఉంది. కళ్ళజోడు పెట్టె, పాస్‌బుక్, తాళంచెవి కిటికీలో పెట్టారు. ఉత్తరాలు లేవు. మేనేజరు గారు నన్ను ఓదార్చడానికే అన్నారు, అందులో చెడు ఉద్దేశం లేదని నాకు తెలుసు: ‘అవేవో పాత ఉత్తరాలమ్మా, ఎవరో మగాయన రాసినవి. మడతల దగ్గర చిరిగిపోయాయి కూడా.’

ఆ మాట అనేదాకా, పారేశారే అన్నదొక్కటే నా దుఃఖం. 40 ఏళ్ళు నోరు కట్టుకుని మేము అడగని ప్రశ్నకు, మీ రిసెప్షన్ బల్ల ముందు, నా చేతిలో అరటిపళ్ళ సంచి ఉండగా, సగం జవాబు వచ్చి పడింది. ఆ జవాబు నాకు అక్కర్లేదు. ఇప్పుడు మరిచిపోదామన్నా కుదరదు. మరిచిపోవడం మా పెద్దమ్మకు వచ్చింది గానీ నాకు రాలేదు కదా.

ఆరిన సంచిని ఆవిడ చేతికి ఇచ్చాను. నాడా విప్పింది. చెయ్యి లోపలికి పెట్టి అడుగు కుట్టు పొడవునా వేళ్ళతో తడిమింది. తీసి, మళ్ళీ ముడివేసింది. మళ్ళీ విప్పింది. కాసేపటికి నా వైపు చూసి ‘బ్యాగు ఇంకా రాలేదా? బస్సు తప్పిందా?’ అంది. ఆ ప్రశ్న ఇప్పటికీ ప్రతి ఆదివారం అడుగుతోంది.

తరువాత సంగతి వీడియో. పెద్దమ్మ పొద్దున టిఫిను అయ్యాక మందు సీసా మూత తీసుకుని, ఒకసారి బల్లమీద, ఒకసారి పేపరు మీద, టకటకమని కొడుతుంది. మొదటిది సిరా దిండు మీద, రెండోది ఉత్తరం మీద. ముప్పైయేళ్ళకు పైగా చేసిన పని, చెయ్యి ఇంకా మరిచిపోలేదు. ఎడమచేత్తో కనపడని ఉత్తరాన్ని పక్కకు జరిపి ఇంకోటి లాక్కుంటుంది. ఎవరైనా పలకరిస్తే ‘బ్యాగు కట్టే టైమయింది, ఉండండి’ అంటుంది. మీ సిబ్బందిలో ఎవరో దాన్ని ఫోనులో తీసి, వెనక సినిమా పాట పెట్టి, ‘మన పోస్టుమాస్టర్ బామ్మ’ అని పేరు తగిలించి మీ కేంద్రం ప్రచార పేజీలో పెట్టారు. వేలమంది చూశారు. పండుముదుసలి ముద్దుగా ఉందని చాలామంది నవ్వు బొమ్మలు పెట్టారు. అందులో ఆవిడ జాకెట్టు ఒక హుక్కు ఊడి ఉంది. అది మీ వాళ్ళ కంటికి ఆనలేదు. నేను తీసేయమన్నాక తీసేశారు, నిజమే. నాలుగు రోజుల తరువాత. అప్పటికే మా ఊరివాళ్ళ గ్రూపుల్లోకి వెళ్ళిపోయింది, ఆవిడ దగ్గర ఉత్తరాలు చదివించుకున్న ఇళ్ళకు కూడా.

‘మీరే సంతకం పెట్టారు కదమ్మా’ అన్నారు. పెట్టాను. 11 పేజీల ఫారం, బయట కారు ఆగి ఉంది, లోపల ఆవిడ ‘ఇంటికి వెళ్దాం పద’ అంటోంది. ఎనిమిదో పేజీలో ‘కార్యక్రమాల ఫోటోలు, వీడియోలు ప్రచారానికి వాడుకోవడానికి అంగీకరిస్తున్నాను’ అన్న ఒక వాక్యం. చదవకుండా సంతకం పెట్టినది నా తప్పే. కానీ మందులిచ్చే అంగీకారాన్నీ ప్రకటనకు వాడుకునే అంగీకారాన్నీ ఒకే సంతకం కింద కట్టిపెట్టింది మీరు. ‘ప్రచారానికి ఒప్పుకోను, వైద్యానికి ఒప్పుకుంటాను’ అనడానికి ఆ ఫారంలో చోటే లేదు.

నా చేతులు శుభ్రంగా ఉన్నాయని చెప్పడం లేదు. సంక్రాంతికి వచ్చినప్పుడు, అరిసె తింటూ మెడకు తువ్వాలు కట్టుకుని ఉన్న పెద్దమ్మ ఫోటోను కుటుంబం గ్రూపులో పెట్టింది నేనే. అమెరికాలో ఉన్న మా తమ్ముడు ‘చిన్నపిల్లలా అయిపోయింది’ అని రాశాడు. అందరం చేతులు జోడించిన బొమ్మలు పెట్టాం. ఒళ్ళు బాగున్న రోజుల్లో తువ్వాలు కట్టుకుని తింటుండగా ఎవరైనా ఫోటో తీయబోతే ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయేది. ఆ సంగతి తెలిసీ తీశాను. ఆవిడకు గుర్తుండదనే ధైర్యం కాకపోతే ఏమిటది? మీ సిబ్బందికున్న ధైర్యం కూడా అదే.

‘మాది ఆసుపత్రి కాదు, పెద్దల హోమ్ మాత్రమే’ అని మీరు అంటూ ఉంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టాన్ని తీసి ఒకసారి చూడండి. మానసిక అస్వస్థతకు అది ఇచ్చిన నిర్వచనంలో జ్ఞాపకశక్తి దెబ్బతినడం కూడా ఉంది. అలాంటివారిని ఉంచుకుని సంరక్షించే చోటు ఏదైనా, సొంతవాళ్ళతో ఉండే ఇల్లు తప్ప, ఆ చట్టం లెక్కలోకి వస్తుంది. 20వ సెక్షన్‌లో ఏకాంతానికి హక్కు రాశారు. ఒళ్ళు బయటపడకుండా గౌరవంగా ఉండే బట్టకు హక్కు రాశారు. కోరుకుంటే తన సొంత బట్టలే కట్టుకోవచ్చు, సంస్థ ఇచ్చే యూనిఫారం వేసుకోమని బలవంతం చేయకూడదు అని రాశారు. బలవంతంగా గుండు గీయకూడదు అని కూడా రాశారు. ఇంత విడమరిచి రాయాల్సి వచ్చిందంటే అంతకుముందు ఏం జరిగేదో ఊహించుకోవచ్చు. 24వ సెక్షన్ అయితే, ఆ మనిషి అంగీకారం లేకుండా ఫోటో గానీ మరే సమాచారం గానీ మీడియాకు విడుదల చేయకూడదంటుంది. డిజిటల్ రూపంలో ఉన్న సమాచారానికీ ఆ హక్కు వర్తిస్తుందని కలిపి చెప్పింది.

ఇంకో సంగతి. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా చెప్పింది. ఆ కేసు వేసిన కె.ఎస్. పుట్టస్వామి గారు కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి. 2012లో కోర్టు మెట్లెక్కేనాటికి ఆయనకు 86 ఏళ్ళు. ఈ దేశంలో కుర్రవాళ్ళకూ ఆ హక్కు తెచ్చిపెట్టింది మా పెద్దమ్మ ఈడు దాటిన ముసలాయన.

మన దేశంలో 60 దాటినవాళ్ళలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా. అందులో మీలాంటి చోట్లకు వచ్చేది పిడికెడుమందే. నెలకు అంత డబ్బు కట్టగలిగిన మా ఇళ్ళకే ఈ గతి పడితే, కట్టలేని ఇళ్ళ సంగతి తలచుకోలేను.

గాజుల గొడవ మీకు గుర్తుండాలి. చేరిన మొదటి నెలలోనే పెద్దమ్మ ‘ఆ పిల్ల నా గాజులు తీసింది’ అంది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన పందొమ్మిదేళ్ళ ఆయా. వస్తువును ఎక్కడో దాచడం, దాచిన సంగతి మరిచిపోవడం, దొంగలు పడ్డారనడం ఈ జబ్బులో చాలామందిలో ఉండేదే; మీకు నేను చెప్పనక్కర్లేదు. అయినా ఆ పిల్ల బ్యాగును అందరి ముందూ బల్లమీద బోర్లించారు. రెండు రోజుల తరువాత గాజులు తలగడ గలీబులో దొరికాయి, రబ్బరు బ్యాండు వేసి. ఆ అమ్మాయికి మీరెవరూ ఒక మాట చెప్పలేదు. నేనూ చెప్పలేదు, అప్పటికి నాకు తెలియలేదు. నెలాఖరుకు వెళ్ళిపోయింది. పెద్దమ్మ పాదాలకు రోజూ కొబ్బరినూనె రాసిన పిల్ల. వస్తువుల జాబితా నేను అడిగేది మీ ఆయాల మీద అనుమానంతో కాదు. రాత్రిపూట పన్నెండుమందికి ఇద్దరు ఆయాలు, పగటి జీతమే రాత్రికీ. అలాంటివాళ్ళ మీద దొంగతనం అంటకుండా కాపాడేది కూడా ఆ కాగితమే.

చెవి మిషను పోవడం వేరే కథ. అది ఎవరూ తీయలేదు. తినేటప్పుడు గరగరమంటోందని తానే తీసి, టిష్యూ కాగితంలో చుట్టి, ఇడ్లీ ప్లేటులో పెట్టి ఉంటుంది. ప్లేటుతో పాటు వెళ్ళిపోయింది. అలా జరుగుతుందని ఇన్నేళ్ళ అనుభవం ఉన్న మీకు ముందే తెలియాలి. ఎత్తేముందు ప్లేటులో కాగితం విప్పి చూడమని ఒక్క మాట చెబితే సరిపోయేది. పోయిన సంగతి నాకు మూడు వారాల దాకా చెప్పలేదు. ఆ మూడు వారాల రోజువారీ నోటు పుస్తకంలో ఏం రాశారో తెలుసా? ‘మాట వినడం లేదు. మొండితనం పెరిగింది.’ వినే మిషనే లేనప్పుడు మాట ఎలా వింటుందండీ?

బట్టల దగ్గరికి వస్తే, మా ఊళ్ళో చాకలి నల్లజీడి రసంతో చీర మూలన చిన్న గుర్తు పెట్టేది. మూడు చుక్కలైతే మావి, గీత కింద చుక్కైతే కరణం గారివి. ఎన్ని ఉతుకులకైనా పోదు. ఊరందరి బట్టలూ ఒకే రేవులో ఉతికినా ఎవరివి వాళ్ళ ఇంటికే చేరేవి. 40 మంది బట్టలు రెండు వాషింగ్ మిషన్లలో వేసే మీ దగ్గర మాత్రం, మా పెద్దమ్మ లేతనీలం మంగళగిరి చీర పక్క గది ఆవిడ కట్టుకుని కూర్చుంది. ‘మా అబ్బాయి కొన్నాడు’ అని నాకు చెప్పింది. బాగుందండీ అన్నాను. ఆవిడతో నాకేం తగువు? పెద్దమ్మ ఒంటిమీద ఎవరిదో పొట్టి నైటీ, దాని మీద పిల్లి బొమ్మలు. చీరతో బాత్‌రూమ్‌లో జారిపడతారంటే ఒప్పుకుంటాను, అది నిజం. నైటీయే వేయండి. కానీ ఆవిడ నైటీ వేయండి. ఆరు కుట్టించి ఇచ్చాం, జేబులతో. ఆ జేబుల్లో చేతులు పెట్టుకోవడం ఆవిడకు ఇష్టం.

తలుపు గురించి. ఆగస్టులో ఒక మధ్యాహ్నం నేను గదిలోనే ఉన్నాను. ఆయా పెద్దమ్మకు జాకెట్టు మారుస్తోంది. తలుపు తట్టకుండా మీ సిస్టరు ఒక జంటను వెంటబెట్టుకుని లోపలికి వచ్చి ‘ఇది డబుల్ షేరింగ్, అటాచ్డ్ బాత్‌రూమ్’ అని చూపించడం మొదలుపెట్టింది. వచ్చినాయన ఇబ్బందిపడి వెంటనే అటు తిరిగాడు, పుణ్యాత్ముడు. పెద్దమ్మ మంచం మీదున్న తువ్వాలు లాక్కుంది. ఒంటికి చుట్టుకోలేదు, మొహం కప్పుకుని గోడవైపు తిరిగింది. ఈవిడకు ఏమీ తెలియదు అని ఇంకోసారి నాతో అనకండి.

వేలిముద్ర సంగతి కూడా చెప్పి ముగిస్తాను. కేంద్ర ప్రభుత్వ పింఛనుదార్లు ఏటా తాము బతికే ఉన్నామని రుజువు ఇవ్వాలి, 80 దాటినవారికి అక్టోబరు నుంచే వీలుంది. కిందటి అక్టోబరులో మీరు ఎవరినో పిలిపించి, పింఛను వచ్చేవాళ్ళందరినీ వరసగా కూర్చోబెట్టి యంత్రం మీద వేళ్ళు పెట్టించారు. మాకు సాయం చేయాలనే చేశారు. డబ్బేమీ పోలేదు. కానీ వచ్చినతను ఎవరు, ఏ యంత్రం, ఎన్నిసార్లు వేలు పెట్టించాడు అంటే మీ దగ్గర జవాబు లేదు. ఆధార్ వేలిముద్రతో ఖాతాలోంచి డబ్బు తీసే సౌకర్యం ఊరూరా ఉన్న రోజుల్లో, అడిగినవాళ్ళకల్లా బొటనవేలు ఇచ్చే మనిషిని అలా కూర్చోబెట్టకూడదు. ఆ రోజే ఆధార్‌లో, వేలిముద్ర పనిచేయకుండా ఆపే బయోమెట్రిక్ లాక్ వేయించాం. మిగతా ఇళ్ళవాళ్ళు కూడా వేయించుకోండి. ఇకమీదట రుజువు రోజున మేమే వచ్చి లాక్ తీసి, పని కాగానే మళ్ళీ వేస్తాం.

నేను అడిగేవాటికి పెద్ద ఖర్చు లేదు. చేర్చుకున్న రోజున వస్తువుల జాబితా రాసి, ఫోటో తీసి, ఒక ప్రతి మాకివ్వండి. నెలకొకసారి మా ఎదుట సరిచూడండి. కళ్ళజోడు, పళ్ళసెట్టు, చెవి మిషను రాత్రి ఒకే డబ్బాలో, పేరు రాసి. పోతే ఆ రోజే చెప్పండి. తిట్టను, కొత్తది కొనిస్తాను. బీరువాలో ఒక అర ఆవిడకు వదిలేసి, చిన్న తాళం వేసి, తాళంచెవి ఆవిడ మెడలో వేయండి. రెండోది మీ దగ్గర ఉంచుకోండి. లోపలికి వెళ్ళే ముందు తలుపు తట్టండి, జవాబు రాకపోయినా తట్టండి. ఫోటోలకు వేరే కాగితం పెట్టండి, వద్దన్నవాళ్ళను వద్దన్నట్టే ఉంచండి. ఎవరికి ఎన్నిసార్లు డైపరు మార్చారో రాసే పలకను మంచం కాళ్ళ దగ్గర్నుంచి తీసి లోపలి గదిలో పెట్టుకోండి.

వచ్చే ఆదివారం పెద్దమ్మ సంచి తిరిగి తెస్తున్నాను. ఇంటికి తీసుకువెళ్ళి చిరిగిన నాడా మార్చాను. లోపల కొన్ని పెట్టాను. ఏమిటో మీకు చెప్పను. మీరు రాయబోయే జాబితాలో దాని ఎదురుగా ఏం రాయాలో మాత్రం చెబుతాను. తపాలా సంచి చేతులు మారేటప్పుడు పెద్దమ్మ చూసేది బరువు, మూతి. ఆ పద్ధతిలోనే రాయండి: ‘గుడ్డసంచి ఒకటి. మూతి కట్టి ఉంది. విప్పలేదు.’ కింద మీ మేనేజరు గారి సంతకం, తేదీ.

ఇట్లు,
మీ కేంద్రంలో ఉన్న ఒక రిటైర్డు పోస్టుమాస్టరు చెల్లెలి కూతురు